వైజాగ్‌లో లేబర్ లా కన్సల్టెన్సీ: నెలనెలా ఫీజు కడుతున్న ఒక చిన్న యజమాని రివ్యూ

చిన్న వ్యాపారాలు నడిపేవాళ్లు కలిసినప్పుడల్లా నన్ను అడిగే మాట ఒకటుంది. పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) చలానాలు అకౌంటెంటే కట్టేస్తాడు కదా, మళ్లీ లేబర్ కన్సల్టెంట్‌కి నెలనెలా ఫీజు ఎందుకు, దండగ కాదా అని. దండగ కాదు. కాకపోతే ఎవరికి కడుతున్నామన్నది చాలా ముఖ్యం. ద్వారకానగర్‌లో ఉన్న ఒక కన్సల్టెన్సీని మేం ఏడాదికి పైగా వాడుతున్నాం. నచ్చినవి ఉన్నాయి, అస్సలు నచ్చనివీ ఉన్నాయి, అందుకే పేరు రాయడం లేదు. పేరు తెలియడం కన్నా వాళ్లు ఏం చేశారో, ఏం చేయలేదో తెలిస్తే మీకు సరిపడే మనిషిని మీరే వెతుక్కోగలరు.

మాది స్వగృహ ఫుడ్స్. కంచరపాలెం వైపు వంటశాల, ఎంవీపీ కాలనీలో ఒక షాపు, గాజువాకలో ఇంకోటి. స్వీటు మాస్టర్లు, హెల్పర్లు, ప్యాకింగ్‌లో ఆడవాళ్లు, కౌంటర్లో అమ్మాయిలు, డెలివరీకి కుర్రాళ్లు. ఎక్కువమంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్లు, కొందరు రాయగడ వైపు నుంచి వచ్చిన ఒడియా వాళ్లు. గాజువాక షాపు తెరిచే నాటికి మొత్తం మనుషులు 20 దాటుతారని తేలింది. ఈ 20 అన్న అంకె దగ్గరే చిన్న యజమానులకు టెన్షన్ మొదలవుతుంది. 10 మంది ఉంటే ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ (పని మానేటప్పుడు చేసిన ఏళ్లను బట్టి ఇచ్చే మొత్తం) వర్తిస్తాయి, 20 మంది అయితే పీఎఫ్, బోనస్ కూడా వస్తాయి. అప్పుడే సరైన సలహా కోసం నలుగురి దగ్గరికి వెళ్లాను.

అక్కడ విన్న సలహాలు చెబుతాను, ఎందుకంటే మీకూ ఇవే చెబుతారు. ఒకాయన కుర్చీలో కూర్చోకముందే "మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) 19 మందినే చూపిద్దాం మేడమ్, మిగతావాళ్లకి ఓచర్ల మీద ఇచ్చేయండి" అన్నాడు. ఇంకొకాయన వంటశాలను నా పేరున, షాపులను మావారి పేరున వేరే వేరే సంస్థలుగా రాయించమన్నాడు. మరొకాయన కొత్తవాళ్లను మూడు నెలలు ట్రైనీలని చెప్పి పక్కన పెట్టి, నిలబడినవాళ్లనే మస్టర్‌లో ఎక్కించమన్నాడు. మూడూ తప్పుడు సలహాలే. యజమాని ఒకరే, పని ఒకటే, డబ్బు తిరిగే చోటు ఒకటే అయినప్పుడు కాగితం మీద రెండుగా చీల్చినా లెక్కలో అది ఒకటే సంస్థ. కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన మనిషి కూడా ఆ 20లో లెక్కకొస్తాడు. ఒకసారి పీఎఫ్ పరిధిలోకి వచ్చాక తర్వాత మనుషులు తగ్గినా బయటికి రాలేం. ట్రైనీ అని పేరు పెట్టి మామూలు పని చేయించుకుంటే అతను ఉద్యోగే, చేరిన మొదటి రోజు నుంచే ఉద్యోగి.

చట్టం సంగతి పక్కన పెట్టినా ఈ సలహాలు విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ ఇరవయ్యో మనిషి ఎవరు? పొద్దున్నే లేచి బస్సెక్కి వచ్చి, మన పొయ్యి దగ్గర చెమటోడ్చే మనిషి. లెక్కలో లేకుండా చేస్తే అతనికి పోయేది పీఎఫ్ నంబరు ఒక్కటే కాదు. పెన్షన్ పోతుంది, కాలు విరిగితే ఆసుపత్రి పోతుంది, అతనికేమైనా అయితే ఇంట్లోవాళ్లకు రావాల్సిన బీమా పోతుంది. పీఎఫ్‌తో పాటు వచ్చే ఈడీఎల్‌ఐ బీమాలో చనిపోయిన ఉద్యోగి కుటుంబానికి 7 లక్షల వరకు వస్తుంది, దానికి ఉద్యోగి జీతంలోంచి ఒక్క పైసా కోయరు, యజమాని కట్టేది కూడా అర శాతమే. ఇంత చిన్న ఖర్చు మిగుల్చుకోవడానికి ఒక మనిషిని రికార్డుల్లో లేకుండా చేయడమా?

నాలుగో చోటు ఈ ద్వారకానగర్ ఆఫీసు. దాన్ని నడిపే ఆయన పెద్దవయసు మనిషి, అందరూ మాస్టారూ అనే పిలుస్తారు, నేనూ అంతే. నేను మనుషుల సంఖ్య చెప్పగానే "సరే మేడమ్, ఎవరెవరు ఏం పని చేస్తారు, ఎన్నింటికి వస్తారు, ఎన్నింటికి వెళ్తారు?" అని అడిగారు. మిగతా ముగ్గురిలో ఒక్కరు కూడా ఈ ప్రశ్న అడగలేదు. హాజరు పుస్తకం, జీతాల రిజిస్టరు, అడ్వాన్సుల నోటుబుక్కు తెప్పించుకుని, ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి చదివారు. ఆ సాయంత్రమే వీళ్లతో ఒప్పందం చేసుకోవాలని నిర్ణయించుకున్నాను.

మొదట జీతాల నిర్మాణం మీద కూర్చున్నారు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కదా, వేతనాల కోడ్, పారిశ్రామిక సంబంధాల కోడ్, సామాజిక భద్రత కోడ్, పని ప్రదేశాల్లో భద్రత కోడ్. పాత చట్టాలు 29ని ఈ నాలుగింటిలో కలిపారు. చిన్న యజమానికి అన్నిటికన్నా ముందు అర్థం కావాల్సింది వేతనం అన్నదానికి వచ్చిన కొత్త నిర్వచనం. ఇంతకు ముందు చాలామంది బేసిక్ తక్కువ చూపించి మిగతాదంతా ఆ అలవెన్సు, ఈ అలవెన్సు అని రాసేవారు, అలా రాస్తే పీఎఫ్, గ్రాట్యుటీ తగ్గుతాయి. ఇప్పుడు అలవెన్సుల్లాంటివి మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర వేతనంలో కలిపేస్తారు.

మాస్టారు దీన్ని ఒక తెల్లకాగితం మీద లెక్క వేసి చూపించారు, నాకు ఇప్పటికీ అదే పద్ధతిలో అర్థమవుతుంది. నెలకు 24,000 తీసుకునే మనిషికి బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 8,000, అలవెన్సులు 16,000 అని రాశారనుకుందాం. 24,000లో సగం 12,000. అలవెన్సులు అంతకన్నా 4,000 ఎక్కువున్నాయి కాబట్టి ఆ 4,000 వేతనంలో చేరి, వేతనం 12,000 అవుతుంది. గ్రాట్యుటీ లెక్క ఏడాదికి 15 రోజుల వేతనం, నెలను 26 రోజులుగా తీసుకుంటారు. పదేళ్లు చేసిన మనిషికి 8,000 మీద లెక్కిస్తే సుమారు 46,154 వస్తుంది, 12,000 మీద లెక్కిస్తే 69,231. తేడా 23 వేలు. పదేళ్లు నూనె మూకుడు ముందు నిలబడినవాడికి ఆ 23 వేలు ఎంతో పెద్ద మొత్తం. "ఇది మీకు ఖర్చులా కనిపిస్తుంది మేడమ్, కానీ వాళ్ల డబ్బు మీ దగ్గర ఉంది, అంతే" అన్నారాయన. ఆ మాట నాకు బాగా నచ్చింది. అప్పటి నుంచి గ్రాట్యుటీ కోసం ప్రతి నెలా కొంత వేరే ఖాతాలో వేస్తున్నాం, ఎవరో ఒకరు మానేసినప్పుడు డబ్బు కోసం వెతుక్కునే పని ఉండదు.

ఇంకో సంగతి. నిర్ణీత కాలానికి కాంట్రాక్టు రాసుకుని తీసుకున్న ఉద్యోగికి ఇప్పుడు ఐదేళ్లు ఆగక్కర్లేదు, ఏడాది చేస్తే గ్రాట్యుటీ వస్తుంది. శాశ్వత ఉద్యోగికి ఐదేళ్ల నిబంధన ఉంది, మనిషి చనిపోయినా, పని చేయలేని స్థితికి వచ్చినా ఆ ఐదేళ్లు చూడరు. మానేసినవాళ్ల లెక్క రెండు పనిదినాల్లో తేల్చి వేతనం ఇచ్చేయాలి. పాత పద్ధతిలో "వచ్చే నెల పదో తారీకున రా, చూద్దాం" అనే యజమానులు ఈ ఒక్క ముక్కయినా గుర్తుపెట్టుకోవాలి. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలన్నది కూడా ఇప్పుడు తప్పనిసరి.

ఈ కన్సల్టెన్సీ విలువ నాకు పూర్తిగా తెలిసింది మాత్రం ఈఎస్‌ఐ విషయంలో. డెలివరీకి కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు రాత్రి పని ముగించుకుని ఇంటికి వెళ్తూ ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బండి జారి పడ్డాడు, కాలు విరిగింది. చేరి నెల కూడా తిరగలేదు. వాళ్ల అమ్మ ఫోన్ చేసి "అమ్మా, ఇప్పుడెలాగమ్మా, మా దగ్గర డబ్బుల్లేవు" అని ఏడుస్తోంది. నేను మాస్టారికి ఫోన్ చేశాను, అప్పటికి రాత్రి బాగా పొద్దుపోయింది, ఆయన ఎత్తారు. మొట్టమొదట అడిగింది వాడి ఐపీ నంబరు (ఈఎస్‌ఐలో ఉద్యోగికిచ్చే నంబరు), తర్వాత ఎన్నింటికి షాపులోంచి బయల్దేరాడు, ఏ దారిలో వెళ్తున్నాడు. ఎందుకంటే పని నుంచి ఇంటికి, ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో దానికి సంబంధం చూపించగలిగితే, పనిలో జరిగిన ప్రమాదం కిందికే వస్తుంది. 2010లో ఈఎస్‌ఐ చట్టానికి చేసిన సవరణతో వచ్చింది ఇది, చాలామంది యజమానులకు తెలియదు. తెల్లారేసరికి ప్రమాద రిపోర్టు ఆన్‌లైన్‌లో పెట్టించారు, హాజరు పుస్తకంలో ఆ రోజు పేజీ ఫొటో తీయించారు, మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఏమేం పట్టుకెళ్లాలో వాళ్ల అమ్మకు తెలుగులో ఒక చీటీ రాసి ఇప్పించారు.

మామూలు జబ్బుకి ఈఎస్‌ఐ నుంచి జీతంలో 70 శాతం రావాలంటే కొంతకాలం చందా కట్టి ఉండాలి. పనిలో ప్రమాదానికి అలా కాదు, మొదటి రోజు నుంచే హక్కు, పని చేయలేని రోజులకు వేతనంలో 90 శాతం వస్తుంది. ఆ కుర్రాడికి అలాగే వచ్చింది. ఇప్పుడు మళ్లీ పనిలో ఉన్నాడు, కాకపోతే బండి మీద కాకుండా కౌంటర్లో కూర్చోబెట్టాం. మూడు నెలలు ట్రైనీగా పక్కన పెట్టమన్న ఆ పెద్దమనిషి మాట వినుంటే ఏమయ్యేదో ఆలోచించండి. లెక్కలో లేని మనిషికి ప్రమాదం జరిగితే అయ్యే ఖర్చంతా ఈఎస్‌ఐ సంస్థ యజమాని దగ్గర వసూలు చేయొచ్చు. అది కూడా తర్వాతి మాట, ముందు ఆ రాత్రి ఆ తల్లికి ఏం జవాబు చెప్పాలి? ఈఎస్‌ఐకి యజమాని కట్టేది 3.25 శాతం, ఉద్యోగి కట్టేది 0.75 శాతం, 21,000 వరకు జీతం ఉన్నవాళ్లకు. మా దగ్గర 12,000 తీసుకునే మనిషికి నేను కట్టేది నెలకు 390 రూపాయలు. ఇంత తక్కువకి ఇంత రక్షణ వేరే ఎక్కడా దొరకదు. ఆసుపత్రుల్లో లైన్లు ఉంటాయి, మందులు ఒక్కోసారి బయట కొనుక్కోమంటారు, అవన్నీ నిజమే, అయినా నా మాట మారదు.

ఆడవాళ్లున్న సంస్థలకు ఒక ముఖ్యమైన సంగతి. ప్రసూతి సెలవు 26 వారాలు అనగానే చిన్న యజమానులు భయపడి పెళ్లయిన అమ్మాయిలను తీసుకోవడమే మానేస్తున్నారు. ఈఎస్‌ఐలో ఉన్న అమ్మాయికి, చందా షరతు పూర్తయితే, ఆ 26 వారాల డబ్బు ఈఎస్‌ఐ నుంచి వస్తుంది, పూర్తి వేతనం వస్తుంది, మీ జేబులోంచి కాదు. మీరు చేయాల్సింది ఆ అమ్మాయి ఉద్యోగాన్ని అలాగే ఉంచడం, ఆర్నెల్లకి ఇంకో మనిషిని చూసుకోవడం. మాస్టారు ఇది చెప్పాక ప్యాకింగ్‌లో ఉన్న ఒకమ్మాయి నిశ్చింతగా పుట్టింటికి, ఇచ్ఛాపురం వెళ్లొచ్చింది. ఈ విషయం తెలియక ఎంతమంది ఆడపిల్లలు వైజాగ్‌లో ఉద్యోగాలు పోగొట్టుకుంటున్నారో అనుకుంటే బాధేస్తుంది.

ఇక సంక్రాంతి. మా వ్యాపారంలో ఏడాదంతా ఒక ఎత్తు, డిసెంబరు చివరి నుంచి భోగి వరకు ఒక ఎత్తు. అరిసెలు, సున్నుండలు, జంతికలు, అమెరికా పార్సిళ్లు. రాత్రి పది వరకు పొయ్యిలు వెలుగుతూనే ఉంటాయి. మన వైపు అలవాటు ఏంటంటే పండగ అయ్యాక తలా ఒక చీరో, ప్యాంటు గుడ్డో, ఓ వెయ్యి రూపాయలో చేతిలో పెట్టి సంతోషపెట్టడం. మాస్టారు దాన్ని కాదనలేదు, "చీర మీ ప్రేమ, ఓటీ వాళ్ల హక్కు, రెండూ ఇవ్వండి" అన్నారు. ఓటీకి, అంటే ఓవర్‌టైమ్‌కి, మామూలు రేటుకి రెట్టింపు. నెలకు 15,600 అయితే 26తో భాగిస్తే రోజుకి 600, 8 గంటలతో భాగిస్తే గంటకి 75, ఓటీ గంటకి 150. ఈ లెక్కను పెద్ద అక్షరాలతో రాసి వంటశాల గోడకి అంటించాం. గోడ మీద ఉంది కాబట్టి హెల్పర్ కూడా తన లెక్క తనే వేసుకుంటాడు, సూపర్‌వైజర్ నోటి లెక్క చెల్లదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్‌లో రోజువారీ పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని మంత్రివర్గం నిర్ణయం తీసుకున్నప్పుడు కొందరు యజమానులు ఇక ఓటీ అక్కర్లేదన్నట్టు మాట్లాడారు. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది, అది దాటితే రెట్టింపు ఇవ్వాల్సిందే. ఎక్కువ గంటలు పని చేయించే వెసులుబాటు వచ్చింది కదా అని ఎక్కువ గంటలు పని చేయించాలనేం లేదు, అలసిపోయిన చేత్తో మరిగే నూనె దగ్గర పని చేస్తే ఏమవుతుందో వంటశాల నడిపేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

భద్రత మాట వచ్చింది కాబట్టి. ఈ ఊళ్లో మనం చూసినవి తక్కువేం కాదు. 2020 మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురంలో గ్యాస్ లీకేజీ, అదే ఏడాది ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది చనిపోయారు. అవన్నీ పెద్ద ఫ్యాక్టరీల సంగతులు, మనవి చిన్నవి అనుకుంటాం. చిన్న వంటశాలలో కూడా గ్యాస్ ఉంటుంది, కరెంటు ఉంటుంది, తడి నేల ఉంటుంది. మాస్టారి టీమ్ భద్రత గురించి ఇచ్చింది ఒక చెక్‌లిస్టు కాగితం, అంతే. మనిషొచ్చి చూడలేదు. గ్యాస్ పైపులు, అగ్నిమాపక సిలిండర్లు మేమే వేరే వాళ్లను పిలిచి చూపించుకున్నాం. ఈ విషయంలో వీళ్లకి మార్కులు వేయలేను.

మార్కులు పూర్తిగా కోసేసేది లైంగిక వేధింపుల నిరోధక కమిటీ విషయంలో. 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, బయటి నుంచి ఈ విషయం తెలిసిన ఒకరు. కమిటీ వేయకపోతే 50,000 జరిమానా. వీళ్లు ఏం చేశారంటే ఒక రెడీమేడ్ ఆర్డరు కాగితం పంపి, మీ వాళ్ల పేర్లు నింపండి, బయటి సభ్యురాలి పేరు మేమే పెట్టేశాం అన్నారు. ఆవిడ ఎవరో మా అమ్మాయిలకి తెలియదు, ఒక్కసారీ రాలేదు, ఫోన్ నంబరు అడిగితే ఆఫీసు నంబరే ఇచ్చారు. ఇది కమిటీ కాదు, ఫైల్లో పెట్టుకునే కాగితం. రాత్రి తొమ్మిదింటికి కౌంటర్లో ఉండే అమ్మాయికి ఏదైనా జరిగితే ఎవరితో చెప్పుకుంటుంది? ఆ కాగితం వెనక్కి పంపేసి, ఆడవాళ్ల సమస్యల మీద ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్న ఒక మేడమ్‌ని మేమే వెతికి పట్టుకున్నాం. ఆవిడ వచ్చి మా వాళ్లందరితో, మగవాళ్లతో కూడా, నేల మీద చాప వేసుకుని కూర్చుని మాట్లాడారు. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలని, విచారణ 90 రోజుల్లో ముగించాలని, రాయడం రాకపోతే రాసిపెట్టాలని అన్నీ చెప్పారు. మీరు ఏ కన్సల్టెన్సీని తీసుకున్నా ఈ కమిటీ పని మాత్రం వాళ్ల చేతికి వదిలేయకండి.

పీఎఫ్ పని ఫర్వాలేదు. చలానా ప్రతి నెలా 15వ తేదీ లోపు వెళ్తుంది, ఇప్పటిదాకా తప్పలేదు. ఆలస్యమైతే బకాయి మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన డ్యామేజీలు, అంటే ఆలస్యానికి జరిమానా.  అసలు మనిషి దగ్గర కోసుకున్న డబ్బు కట్టకుండా వాడుకోవడం నేరం కూడా, నమ్మకద్రోహం కిందికి వస్తుంది.

ఇబ్బంది ఎక్కడంటే పేర్ల తేడాల దగ్గర. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, బ్యాంకులో ఒకటి, పాత కంపెనీ వాళ్లు యూఏఎన్‌లో (ఉద్యోగికి ఉండే పీఎఫ్ నంబరులో) రాసింది ఇంకొకటి. మన వైపు ఇంటిపేరు ముందు రాసేవాళ్లు కొందరు, వెనక రాసేవాళ్లు కొందరు, మన స్వీటు మాస్టర్ల పేర్లలో సగం ఇలాగే ఉంటాయి. ఇవి సరిచేయించడం కన్సల్టెన్సీ పనే అని ఒప్పందంలో ఉన్నా, వాళ్ల దగ్గరున్న కుర్రాళ్లు రేపు, ఎల్లుండి అని తిప్పుతారు. మా పెద్ద స్వీటు మాస్టర్ పాత పీఎఫ్ బదిలీ కోసం మా మేనేజరే మర్రిపాలెం పీఎఫ్ ఆఫీసుకి తీసుకెళ్లి పని చేయించాల్సి వచ్చింది. అక్కడ వాళ్లు ఓపికగానే చెప్పారు. కొత్తవాళ్లకి ఇప్పుడు ఉమాంగ్ యాప్‌లో ముఖం చూపించి యూఏఎన్ తీసుకోవాలి, స్మార్ట్‌ఫోన్ లేని ఆడవాళ్లకి అది మనమే దగ్గరుండి చేయించాలి, ఆ పనికీ కన్సల్టెన్సీ నుంచి ఎవరూ రారు.

వాళ్లు ఇచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉండటం నాకు పెద్ద కంప్లయింటు. నియామక పత్రం, సెలవుల నిబంధనలు, జీతం చీటీ, అన్నీ. ఎనిమిదో తరగతి చదివిన మనిషి అర్థం కాని కాగితం మీద సంతకం పెడితే ఆ సంతకానికి విలువేముంది? అడిగితే "ఆఫీసులో ఇంగ్లీషే అడుగుతారు మేడమ్" అన్నారు. గట్టిగా పట్టుబట్టాక నియామక పత్రం తెలుగులో చేసిచ్చారు, దానికి వేరే డబ్బు తీసుకోలేదు. జీతం చీటీ ఇంకా ఇంగ్లీషులోనే వస్తోంది. మేం దాని వెనక తెలుగులో ఇంత జీతం, ఇంత ఓటీ, ఇంత కోత, చేతికి ఇంత అని రాసిస్తున్నాం. ఒడియా వాళ్లకి వాళ్లలోనే చదువుకున్న కుర్రాడు ఒకడు చదివి చెబుతాడు.

సూపర్‌వైజర్లకు పెట్టిన క్లాసు మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. మాస్టారే వచ్చి తెలుగులో, అచ్చం మన భాషలో చెప్పారు. ఆలస్యంగా వచ్చారని నోటికొచ్చినంత ఫైన్ వేయడం కుదరదు, మనిషి చెప్పేది వినాలి, వేసినా నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. అన్ని కోతలూ కలిపి సగం వేతనం మించకూడదు, కాబట్టి పెళ్లికని యాభై వేలు అడ్వాన్సు ఇచ్చి ఒక్క నెలలో మొత్తం కోసేయలేం. ఒకే పని చేసే ఆడ, మగ ఇద్దరికీ ఒకటే కూలి. ఉత్తరాంధ్రలో ఆడకూలి, మగకూలి అని వేరు వేరుగా చెప్పడం ఎంత అలవాటైపోయిందంటే, ఆ మాట ఎత్తగానే మా సూపర్‌వైజర్ ఒకతను "ఎక్కడైనా అంతే కదా సార్" అన్నాడు. మాస్టారు కోప్పడలేదు. ఒక ట్రేలో ఎన్ని లడ్డూలు చుడతారు, ఆవిడ చుట్టే లడ్డూ మీరు తక్కువ ధరకి అమ్ముతారా అని అడిగారు. అతను ఏమీ అనలేకపోయాడు. మా దగ్గర మొదటి నుంచీ ఒకటే రేటు, కానీ అది ఎందుకో అతనికి ఆ రోజే తెలిసింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకుంటే అది వెట్టిచాకిరీయే అని సుప్రీంకోర్టు చెప్పిన సంగతి కూడా ఆ క్లాసులోనే విన్నాను, నాకు అది మనసులో నాటుకుపోయింది. మన రాష్ట్రంలో కనీస వేతనాల్లో డీఏ ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది, ఆ కొత్త రేట్లు రాగానే వీళ్లు వాట్సాప్‌లో పంపుతారు, ఇది మాత్రం ఠంచనుగా చేస్తారు.

చట్టంలో లేని కొన్ని మాటలు కూడా చెప్పారు. కౌంటర్ వెనక స్టూళ్లు వేయమన్నారు, రోజంతా నిలబడితే ఆ అమ్మాయిల కాళ్లు ఏమవుతాయో చూడమన్నారు. అందరి ముందు తిట్టొద్దన్నారు. జీతం ఏడో తారీకు లోపు ఇవ్వాలని చట్టం చెబుతుంది, మీరు ఒకటో తారీకునే వేయండి, ఇంటద్దెలు ఐదో తారీకు లోపు కట్టాలి కదా అన్నారు. ఇవి చెప్పినందుకు ఆయనకి అదనంగా వచ్చేదేమీ లేదు. అందుకే ఆయన మీద నాకు గౌరవం, ఆయన ఆఫీసు మీద మాత్రం అంత లేదు. ఆయన స్వయంగా పట్టించుకున్న పని బ్రహ్మాండంగా ఉంటుంది, కింది కుర్రాళ్లకి వదిలిన పని మనం వెంటపడితేనే కదులుతుంది. రేపు ఆయన రిటైరైతే ఈ ఆఫీసు ఏమవుతుందన్నది నాకు నిజంగా దిగులే.

ఫీజు నెలకు 4,500, పైన 18 శాతం జీఎస్టీ. క్లాసులకు వేరే తీసుకున్నారు. మా అంత సంస్థకి ఇది న్యాయమైన రేటే అనుకుంటున్నా, 19 మందిని చూపిద్దామన్నాయన 2,000కే చేస్తానన్నాడు, ఆ తేడా ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఐదారుగురితో నడిచే చిన్న కొట్టుకి ఇంత అక్కర్లేదు. షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్, నియామక పత్రాలు, కనీస వేతనం, సెలవులు సరిగ్గా చూసుకుంటే చాలు, ఏడాదికోసారి సలహా తీసుకోండి. 10 దగ్గరికొస్తున్నవాళ్లు, 20 దగ్గరికొస్తున్నవాళ్లు మాత్రం ఆ అంకె చేరకముందే వెళ్లండి. కన్సల్టెంట్ దగ్గర కూర్చోగానే మీ మనుషుల సంఖ్య చెప్పి ఊరుకోండి, తర్వాత ఆయన అడిగే మొదటి ప్రశ్న ఏంటో వినండి. ఎంతమందిని తగ్గించి చూపిద్దాం అంటే లేచి వచ్చేయండి. వాళ్లు ఏం పని చేస్తారు, ఎన్నింటికి ఇంటికి వెళ్తారు అని అడిగితే అక్కడే కూర్చోండి.

మేం ఈ ఏడాదికి కూడా వీళ్లతోనే కొనసాగుతున్నాం, కాకపోతే ఒప్పందంలో రెండు మార్పులు రాయించాం. పీఎఫ్ పేర్ల తేడాలు 30 రోజుల్లో సరిచేయించకపోతే ఆ నెల ఫీజులో కోత, జీతం చీటీ తెలుగులో ఇవ్వడం. మొదటిదానికి మాస్టారు వెంటనే సంతకం పెట్టారు. రెండోదానికి సాఫ్ట్‌వేర్ వాళ్లని అడిగి చెబుతామన్నారు, ఇంకా చెప్పలేదు, నేను అడుగుతూనే ఉన్నాను.